వెలుగు చూసి కాదు, వెనక తలుపు తెరిచి కొనండి

బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ అయింది, బార్ కౌంటర్ అయింది. ఇప్పుడు అమెరికాలోని మనవాళ్ల కన్ను జూక్‌బాక్సు మీద, అంటే నాణెం వేస్తే కోరిన రికార్డు ఆడే పాతకాలపు పెట్టె మీద పడింది. పడితే మంచిదే. కానీ డల్లాస్ దగ్గరి కాంటన్ సంతలోనో, మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ మైదానాల్లోనో బేరమాడే తీరు చూస్తే, పట్టుచీర చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టుంటుంది. రంగులు మెరుస్తున్నాయా, గొట్టాల్లో బుడగలు తేలుతున్నాయా, అంతే! నేను చెప్పేది దీనికి తలకిందులు. మెరిసే పెట్టె కన్నా, మూగబోయినా సరే, లోపలి సామానంతా ఉన్న పెట్టె నయం. మెరుపు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

అందరూ అడిగే వర్లిట్జర్ కంపెనీ 1015 మోడల్‌నే తీసుకోండి. పాల్ ఫుల్లర్ గీసిన రూపం. న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టొనవాండా ఫ్యాక్టరీ నుంచి 1946-47లో 56 వేలకు పైగా బయటికొచ్చాయి. అంటే అది అరుదైన సరుకు కాదు, పేరున్న సరుకు. ఆ పేరు వల్లే దాని ప్లాస్టిక్కులు, క్రోమ్ ముక్కలు ఈ రోజుకీ కొత్తగా పోతపోసి అమ్ముతున్నారు. కాబట్టి ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. పైగా 1980ల్లో జర్మనీలో అదే రూపంతో ‘వన్ మోర్ టైమ్’ అనే మోడల్ చేశారు. అదీ మంచి యంత్రమే, దాన్ని 1946 నాటిదని అంటగట్టడమే మోసం. తేల్చుకోవడం తేలిక. అసలైన 1015లో 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు, 24 ట్రేలు, ఒక వైపు పాట మాత్రమే. కోరిన ట్రే బయటికి తిరుగుతుంది, కింద నుంచి టర్న్‌టేబుల్ లేచి రికార్డును ముల్లు దగ్గరికి ఎత్తుతుంది. లోపల 45 స్పీడు రికార్డులు గానీ, సీడీలు గానీ కనిపిస్తే అది ఆ తరవాతి పిల్ల.

వెనక తలుపు తెరిచాక మొదట చూడాల్సింది అడుగు పలక. వరద నీరు తగిలిన బేస్‌మెంట్‌లో నిలబడ్డ పెట్టెకి కింది మూడు నాలుగంగుళాల్లో వెనీర్ (పైన అతికిన పలచని చెక్క పొర) ఊడి ఉంటుంది, జిగురు అతుకులు వదిలి ఉంటాయి. ఎలుకలు కాపురం చేస్తే వాటి మూత్రం యాంప్లిఫయర్ రేకును తినేస్తుంది. ఆ పైన యాంప్లిఫయర్, మీటల నుంచి ఏ పాటో అందుకునే సెలెక్షన్ రిసీవర్, నాణేల మెకానిజం, ముల్లును పట్టుకునే టోనార్మ్: ఈ నాలుగూ ఉన్నాయా? తాళంచెవి లేకపోతే బెంగ లేదు, తాళం డ్రిల్లు చేసి కొత్తది వేసుకోవచ్చు. ఆ నాలుగింట్లో ఒకటి లేదంటే మాత్రం అదే మోడల్‌ది మరో పెట్టెని విప్పి తేవాల్సిందే. జింకు పోత ముక్కల మీద పొక్కులు, పగుళ్లు చూడండి. అలాంటి దానికి మళ్లీ క్రోమ్ పూయించే ఖర్చు ఒక్కోసారి పెట్టె ధరను మింగేస్తుంది.

బుడగల గొట్టం గురించి ఒక హెచ్చరిక. అందులో నీళ్లుండవు, మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. సుమారు 40 డిగ్రీల సెల్సియస్‌కే మరిగే ద్రవం కాబట్టే కింద చిన్న హీటర్ పెడితే చాలు, బుడగలు లేస్తాయి. స్విచ్ వేసిన కొన్ని నిమిషాలకు గానీ మొదలవవు. అసలు లేవకపోతే గొట్టం పోయిందనుకోకండి, చాలాసార్లు పోయేది హీటరే. గొట్టం పగిలితే ఆ ఆవిరి విషం. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపండి. ఇంట్లో మళ్లీ నింపే ప్రయత్నం వద్దు.

కొని తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టి చూడాలన్న ఆత్రం చాలా యంత్రాల ప్రాణం తీస్తుంది. డెబ్భై ఏళ్లనాటి పేపర్ కెపాసిటర్లు కరెంటు లీక్ చేస్తాయి. ఎలక్ట్రొలిటిక్ రకం కెపాసిటర్లు షార్ట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. రెండు రకాలూ మార్చండి, రెండు కాళ్ల పాత ప్లగ్గు తీసి ఎర్త్ ఉన్న మూడు కాళ్ల తీగ వేయండి, మొదటిసారి 100 వాట్ల పాత రకం బల్బును సీరీస్‌లో పెట్టి కరెంటివ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపండి, లోపల షార్ట్ ఉంది. ఏసీ కరెంటును డీసీ చేసే సెలీనియం రెక్టిఫయర్ కాలితే కుళ్లిన వాసన, అదీ విషమే. కాలకముందే సిలికాన్ డయోడ్ వేయించండి. అయితే డయోడ్ వేస్తే వోల్టేజీ పెరుగుతుంది, తగ్గించడానికి వరసలో ఒక రెసిస్టర్ కావాలి. దాన్ని మరిచిపోయే మెకానిక్‌లు లేకపోలేదు.

యంత్రం మొరాయిస్తే స్ప్రే నూనె డబ్బా జోలికి పోకండి. పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. స్ప్రే దాన్ని పల్చన చేసి, మురికితో సహా బేరింగుల్లోకీ, నూనె తగలకూడని రబ్బరు చక్రం మీదికీ చేరుస్తుంది. రెండు వారాలు బాగా ఆడుతుంది, తరవాత మొత్తం పట్టేస్తుంది. విప్పి, పాత గ్రీజు కడిగి, కొత్తది పలచగా రాయడం తప్ప దగ్గరి దారి లేదు.

ఇక మనవాళ్లకే చెప్పాల్సిన సంగతి. “తెలుగు పాటలు పెట్టుకోవచ్చా?” పెట్టుకోవచ్చు, కొన్ని మెలికలున్నాయి. ఘంటసాల హెచ్.ఎం.వి. వారికి పాడిన పది అంగుళాల 78 లక్క ప్లేట్లు 1015 ట్రేలో సరిగ్గా కూర్చుంటాయి. కానీ ఒక పాటనో పద్యాలనో రెండు వైపులా పంచి ఉంటే, ఈ పెట్టె మొదటి సగం పాడి ఊరుకుంటుంది. పైగా ఆ కాలపు ముల్లు బరువు నేటి టర్న్‌టేబుల్‌కి ఎన్నో రెట్లు. ఇంట్లో ఒకటే ఉన్న అపురూపమైన ప్లేటును దాని కింద పెట్టకండి. సినిమా పాటల ఈపీలు 1015లో ఆడవు, 45 స్పీడు యంత్రాలు కావాలి. అక్కడ వేరే చిక్కు. వేగం 45, సైజు ఏడంగుళాలు, అంతా సరే. కానీ మన ఈపీలకు ఎక్కువగా నడుమ చిన్న రంధ్రమే. సీబర్గ్ కంపెనీ ఎం100సీ లాంటి 1952 నాటి యంత్రానికి ఒకటిన్నర అంగుళం రంధ్రం కావాలి. డింకర్ అనే పనిముట్టుతో రంధ్రం పెద్దది చేస్తారు. అది మిల్లీమీటరు పక్కకు పోయినా చుట్టు చుట్టుకీ శ్రుతి ఊగుతుంది, రికార్డు విలువా పోతుంది. అరిగిన రెండో కాపీలున్నప్పుడే ఆ పని చేయండి. పాటల చీటీలు మూడంగుళాలకు ఒక అంగుళం. తెలుగు లిపిలో అచ్చువేసి పెడితే ముచ్చటగా ఉంటుంది.

రిటైరయ్యాక హైదరాబాదు తీసుకెళదామనుకునేవాళ్లు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పని అయిపోతుందనుకుంటారు. అది 230 వోల్టుల్ని 115 చేస్తుంది, 50 హెర్ట్జ్‌ని 60 చేయదు. మోటారు ఆరోవంతు నెమ్మదిస్తుంది. 45 కాస్తా 37.5 అవుతుంది, ఐదు శ్రుతిలో పాడిన పాట మూడు శ్రుతికి జారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు కూడా మామూలుకన్నా వేడెక్కుతాయి. మోటారు షాఫ్టుకి 1.2 రెట్లు లావు తొడుగు వేయించాలి, లేదా 60 హెర్ట్జ్ ఇచ్చే కన్వర్టర్ కావాలి. ఇది ఓడ ఎక్కించకముందే చూసుకోవాల్సిన పని.

లోపలి యంత్రం పీకేసి బ్లూటూత్ స్పీకర్ పెట్టించేవాళ్లని ఏమనాలో తెలియదు. పాటలు ఫోన్లో వినండి, ఆ పెట్టెని వదిలేయండి. జూక్‌బాక్సు పక్కన తగిలించడానికి పాత కోకాకోలా ఎనామెల్ బోర్డులు కొనేవాళ్లకీ ఒక మాట. అసలైన వాటి మీద రంగుల్ని పొరపొరగా కాల్చి వేస్తారు. ఒక రంగు నుంచి మరో రంగులోకి వేలు జరిపితే చిన్న మెట్టు తగలాలి. నున్నగా జారితే నకలు కావచ్చు. తుప్పుని మాత్రం నమ్మకండి, ఆమ్లం పోసి ఒక్క రాత్రిలో తెప్పించొచ్చు.

పెట్టుబడి అని కొనేవాళ్లు అమెరికా పన్ను లెక్క కూడా వేసుకోవాలి. ఏడాది దాటాక అమ్మినా ఇలాంటి సేకరణల లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు, షేర్ల లెక్క దీనికి వర్తించదు. నా ఉద్దేశంలో ఇది పెట్టుబడే కాదు. కుర్రతనంలో వీటి ముందు నిలబడి నాణెం వేసిన తరం తగ్గిపోతోంది.

అమ్మే రోజు వస్తే, చల్లారిన యంత్రంలో నాణెం వేసిన దగ్గర్నుంచి పాట ముగిసేదాకా ఆపకుండా ఒక వీడియో తీయండి. వెనక తలుపు తెరిచిన ఫోటో, మార్చిన భాగాల జాబితా కలపండి. దాచిన సంగతి డెలివరీ రోజున బయటపడుతుంది, 350 పౌండ్ల పెట్టె మీ వాకిట్లోకి తిరిగొస్తుంది. పంపేముందు రికార్డులు, బుడగల గొట్టాలు తీసి విడిగా కట్టండి. స్ప్రింగుల మీద ఊగే మెకానిజాన్ని రవాణా బోల్టులతో బిగించండి. వ్యాన్‌లో నిలబెట్టే తీసుకెళ్లమని, పడుకోబెట్టొద్దని పెద్ద అక్షరాలతో రాసి ముందు వైపు, వెనక వైపు రెండింటి మీదా అంటించండి.