బయోకెమిస్ట్రీకి ఫీజు తక్కువే, ఖర్చే ఎక్కువ

నీట్‌లో సీటు రాని ఏడాది దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు ఇళ్లలో మూడు పేర్లు వినిపిస్తాయి. నర్సింగ్, ఫార్మసీ, బయోకెమిస్ట్రీ. మొదటి రెండింటికీ ప్రైవేటు ఫీజులు చూసి వెనక్కి తగ్గుతారు. మూడోదానికి ఫీజు తక్కువ. పైగా పేరులో బయో ఉంది, కెమిస్ట్రీ ఉంది, ఎటు తిరిగినా ఉద్యోగం దొరక్కపోదులే అని సర్దిచెప్పుకుంటారు. లెక్క తప్పేది అక్కడే.

బీఎస్సీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు. విశాఖలో ఉండి చదివితే గది, మెస్, రైలు ఛార్జీలు కలిపి నెలకు 8 వేలు అనుకుందాం. ఏడాదికి పది నెలల చొప్పున ఐదేళ్లకు 4 లక్షలు. ఆ పక్కింటి కుర్రాడు ఇంటి నుంచే రెండేళ్ల డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి, నెలకు 12 వేలకు ల్యాబ్‌లో చేరాడనుకోండి. మిగిలిన మూడేళ్లలో అతనికి వచ్చేది 4,32,000. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీ ఇంటి అంకెలు పెట్టి చూసుకోండి. డీఎంఎల్‌టీ ఫీజు తీసేసినా, ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చే నాటికి ఇద్దరి మధ్యా లక్షల్లోనే తేడా ఉంటుంది. తర్వాత వచ్చే జీతం ఆ తేడాను పూడ్చగలదా అన్నదే ప్రశ్న.

పూడ్చాలంటే ఉద్యోగం దగ్గర్లో ఉండాలి. ఇక్కడి నుంచి కిందికి దిగితే మొదట తగిలే పెద్ద ఫార్మా కంపెనీలు శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఉన్నాయి. విశాఖ దాటాక పరవాడ ఫార్మా సిటీ. ఇవి ఎక్కువగా బల్క్ డ్రగ్ పరిశ్రమలు. రియాక్టర్లలో రసాయన చర్యలతో మందుల ముడిసరుకు తయారు చేస్తాయి. క్వాలిటీ కంట్రోల్‌లో చేరడానికి వెళ్తే క్రోమటోగ్రఫీ గురించే, అంటే మిశ్రమంలోని రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతి గురించే అడుగుతారు: కాలమ్, మొబైల్ ఫేజ్, పీక్ సరిగా రాకపోతే ఏం చేస్తావ్ అని. అది బయోకెమిస్ట్రీ సిలబస్‌లోనూ ఉంది, కాదనను. కానీ మన పిల్లల చేయి తిరిగింది ఎంజైముల మీద, విద్యుత్తుతో ప్రొటీన్లను విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్ మీద, రక్తం లాంటి నమూనాల్లో ప్రొటీన్లను పట్టే ఎలైసా ప్లేట్ల మీద. ఆర్గానిక్, అనలిటికల్ కెమిస్ట్రీ చదివినవాళ్లు పక్క కుర్చీలో కూర్చుని ఉండగా వీళ్లను ఎందుకు తీసుకుంటారు?

బయోకెమిస్ట్రీ వాళ్లు నిజంగా కావాల్సింది టీకాలు, బయోలాజికల్ మందులు (జీవకణాల సాయంతో చేసేవి), డయాగ్నస్టిక్ కిట్లు తయారయ్యే చోట. అంటే హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీ లాంటి చోట్ల. బరంపురంలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా ప్రయాణం, తర్వాత అద్దె ఇల్లు. తొలి జీతంలో ఆ అద్దె పోగా ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

పోనీ పాఠాలు చెప్పుకుందామా? ఇంటర్లో గానీ ఒడిశా ప్లస్ టూలో గానీ బయోకెమిస్ట్రీ అనే సబ్జెక్టే లేదు. కాబట్టి ఆ పేరుతో జూనియర్ లెక్చరర్ పోస్టూ ఉండదు. ఇంత చిన్న సంగతి అడ్మిషన్ రోజున ఎవరూ చెప్పరు. ఇక మెడికల్ కాలేజీలు. ఒకప్పుడు అక్కడ బయోకెమిస్ట్రీ విభాగంలో సగం పోస్టుల దాకా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వాళ్లతో నింపుకోనిచ్చేవారు. 2020లో దాన్ని 15 శాతానికి కుదించారు. ఆ నిబంధనలు మళ్లీ మళ్లీ మారుతున్నాయి, వాటిని నమ్ముకుని ఐదేళ్లు పణంగా పెట్టలేం.

వీటన్నిటి మీదా సరిహద్దు భారం వేరే. ఆంధ్రాలో 85 శాతం సీట్లు స్థానికులకే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకే. ఒడిశా కుల ధ్రువపత్రం అక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు, ఓసీ కిందే చూస్తారు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరమే, కానీ కాయితాల దగ్గర అది పరాయి రాష్ట్రం. కూతురి అడ్మిషన్ కోసం తిరిగి తిరిగి విసిగిన ఒక తండ్రి నాతో అన్నాడు: "సీటేమో ఆడ, కాయితమేమో ఈడ. ఎటెళ్లమంటారు మాస్టారూ?" నా దగ్గర జవాబు లేదు. దరఖాస్తు పెట్టేముందు నాన్‌లోకల్ ఫీజు ఎంతో విడిగా అడగమని మాత్రం చెప్పాను.

అలాగని ఈ చదువే వద్దనను. పరిశోధన వైపు గట్టిగా వెళ్లదలచినవాళ్లకు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ చేస్తూనే ఇంటికి డబ్బు పంపవచ్చు. ఇంకా ముందే మేల్కొంటే మరీ మంచిది. 2016లో మొదలైన ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) బరంపురంలోనే ఉంది. ప్లస్ టూ కాగానే దాని ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరవచ్చు. మన ఊరి పిల్లలు నీట్ కోసం రెండేసి ఏళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుంటారు గానీ, ఊళ్లోనే ఉన్న ఐసర్ పరీక్ష మీద పెద్దగా దృష్టి పెట్టరు. నాకు అర్థం కానిది ఇదే.

జేఆర్‌ఎఫ్ మీద అంత నమ్మకం లేనివాళ్లు బీఎస్సీలో కెమిస్ట్రీనే మేజర్‌గా పెట్టుకుని, కాలేజీలో వీలుంటే బయోకెమిస్ట్రీని మైనర్‌గా తీసుకోవడం మేలు. పైడిభీమవరానికీ పనికొస్తుంది, బీఈడీకీ దారి ఉంటుంది. ఆడపిల్లను హైదరాబాద్ పంపం అని ముందే తేల్చుకున్న ఇళ్లయితే ఎమ్మెస్సీ మాట ఎత్తేలోపే డీఎంఎల్‌టీ సంగతి చూడాలి. ఆ పంపకపోవడం సరైందా అన్నది వేరే చర్చ.