నీలం తక్కువైన సంబంధం

లోకంలో తీరని కష్టాలకు కొదవ లేదు. ఆకలి, నిరుద్యోగం వగైరాల మీద రాయడానికి ఎటూ మహామహులున్నారు. 1960ల తొలినాళ్లలో షికాగోలోని లుడ్విగ్ కంపెనీ చేసిన బేస్ డ్రమ్ముకు అదే నీలం-వెండి డూకో రంగులో 13 అంగుళాల చిన్న డ్రమ్ము (టామ్) దొరక్క అమెరికాలో పాత డ్రమ్ములు సేకరించే పెద్దమనుషులు పడుతున్న అవస్థను మాత్రం పట్టించుకున్న నాథుడు లేడు. ఆ లోటు ఈ వ్యాసంతో తీరుతుంది.

డూకో మనకు తెలియనిదేం కాదు. సొట్ట తీయించాక మెకానిక్ షెడ్డులో స్కూటరుకు కొట్టేది ఆ పేరుతోనే. డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ పూత అది. గన్నుతో కొడితే ఇట్టే ఆరిపోతుంది. షికాగో డ్రమ్ము కంపెనీలకు అంతకంటే ఏం కావాలి? పైనా కిందా నీలం, నడుమ వెండి పట్టీ. లేదంటే నలుపు, బంగారం. ముత్యపు మెరుపు ప్లాస్టిక్ తొడుగుకు డబ్బు చాలనివాళ్ల కోసం క్యాటలాగులో ఓ మెట్టు తక్కువ ధరకు పెట్టారు.

చవక సరుకు కాబట్టి జనం మొహమాటం లేకుండా వాడారు. వాయించారు, వ్యాన్లలో కుదేశారు, మొహం మొత్తాక ఇంటి తలుపులకు వేయగా మిగిలిన రంగు పూసేశారు. అలా అది అరుదైపోయింది. అరుదైంది గనుక ఉత్తమ జాతిదైంది. బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ 1963లో కొన్న లుడ్విగ్ సెట్టు 2015 వేలంలో 20 లక్షల డాలర్లు దాటిన మాట నిజమే. కానీ అది ప్లాస్టిక్ తొడుగు. డూకో భక్తుల ముందు ఆ ఊసెత్తితే, చిన్నవాడివని క్షమిస్తారు.

ఇక జత కుదర్చడం. మన సంబంధాల పేరయ్య సైతం ఇక్కడ దండం పెట్టి వెళ్లిపోతాడు. ముందు జాతకం చూడాలి. డ్రమ్ముకు బిగించే లుడ్విగ్ పేరు బ్యాడ్జీల మీద నంబర్లు వేయడం మొదలైంది 1963-64 ప్రాంతంలో. ఫ్యాక్టరీలో చేతికందిన బ్యాడ్జీని అందినట్టు బిగించారు కాబట్టి నంబరును బట్టి పుట్టిన నెల చెప్పలేం. అందుకని డ్రమ్ము లోపల తేదీ ముద్ర కోసం టార్చిలైటు వేస్తారు. ముద్ర లేకపోతే లోపలి తెల్ల సున్నం లాంటి పెయింటును చూసి వయసు లెక్కగడతారు.

అన్నీ కలిశాక రంగు కలవదు. పైనున్న పారదర్శకపు పూత ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. కింద నీలం, పైన పసుపు. మొత్తం మీద చెరువు పాచి ఛాయ. కిటికీ పక్కన బతికిన డ్రమ్ము వెలిసిపోతుంది, అటక మీదిది నిగనిగలాడుతుంది. ఏది అసలు రంగని తగవొస్తే, స్క్రూలు విప్పి, డ్రమ్ము తోలును బిగించే లోహపు దిమ్మ అయిన లగ్‌ను పక్కకు తీస్తారు. దాని కింద వేలి వెడల్పున, ఎండ తగలని నీలం ఇంకా పచ్చిగా ఉంటుంది. చూసినవాళ్లు కాసేపు మాట్లాడరు. తర్వాత లగ్ మళ్లీ బిగించి, ఎండలో వెలిసిన నీలానికే జోడీ వెతుకుతారు.

అసలు విషయం ఏమిటంటే, ఇవి చేత్తో స్ప్రే చేసినవి. ఆ రోజు పెయింటరు చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే వెండి పట్టీ లావయ్యేది. పక్కపక్కనే ఆరబెట్టిన రెండు డ్రమ్ములు ఆనాడే ఒకేలా లేవు. భోజనం వేళ అయిందని ఆయన తొందరపడి కొట్టిన పట్టీకి సరిగ్గా సమానమైన దాన్ని ఇప్పుడు కాలిపర్లతో కొలిచి వెతుకుతున్నారు.

“అన్నిటికీ కొత్త రంగు కొట్టిస్తే పోలా?” అని అమాయకులు అడుగుతారు. అది మహాపాతకం. కొత్త రంగు పడితే ధర పాతాళానికే. గీతలు, పగుళ్లు, ఎవరో సిగరెట్టుతో కాల్చిన మచ్చ ఉండాల్సిందే. కానీ సెట్టులోని మూడు డ్రమ్ముల మీదా ఒకే రకంగా ఉండాలి.

ఇన్ని డ్రమ్ములు జత తప్పడానికి కారణం వేరే చెప్పాలా? విడివిడిగా అమ్మితే ఎక్కువ గిడుతుందని వ్యాపారి మూడింటినీ మూడు ఊళ్లకు పంపుతాడు. పదేళ్లకు అవే మూడూ ఒకచోట చేరితే “పునస్సమాగమం” పేరుతో ఇంకా ఎక్కువకు అమ్ముతాడు. దీన్ని మించిన పర్యావరణహితమైన వ్యాపారం నాకు తోచడం లేదు.

మధ్యలో నలిగేది కొన్నవాళ్లే. టామ్ ఒకరి దగ్గర, నేల మీద నిలబెట్టే ఫ్లోర్ టామ్ ఇంకొకరి దగ్గర. రెండూ ఒకే సెట్టువని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అమ్మరు. ఇద్దరిదీ పెద్ద వయసే. పండక్కీ పబ్బానికీ ఫోన్లు చేసుకుని, ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు ఎంతో శ్రద్ధగా వాకబు చేసుకుంటారు.