వీధి దీపాలను హెఫ్నర్లలో కొలవాలని మనవి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో వీధి దీపాలు మసకగా ఉన్నాయని అందరూ బల్బులను తిడుతున్నారు. తప్పు బల్బుది కాదు, కొలతది. వెలుగు తీవ్రతకు ఇప్పుడున్న కొలత క్యాండెలా. దానికి 1979 నుంచి దీపంతోనే పని లేదు. 540 లక్షల కోట్ల హెర్ట్జ్ కాంతి, స్టెరేడియన్‌ (ఘనకోణపు కొలత)కు 683వ వంతు వాట్, అంతే. వానకు తగ్గదు, ఎండకు పెరగదు, ఎవరు అడిగినా ఒకటే చెప్తుంది. ఇంత మొండి కొలతతో పట్టణ పాలన సాగేదెట్లా? పాత కొలతల్లోంచి కాస్త పట్టువిడుపులున్న దాన్ని ఎంచుకోవాలి.

1860 నాటి ఇంగ్లండు చట్టం చెప్పిన కొవ్వొత్తిని తిమింగలం తలలోని మైనంతో చేయాలి. పౌనుకు ఆరు తూగాలి, గంటకు 120 గ్రెయిన్లు కాలాలి. భద్రకాళి చెరువులో తిమింగలాలు లేనందున తిరస్కరించడమైనది. ఫ్రెంచివారి కార్సెల్ దీపం గంటకు 42 గ్రాముల కొల్జా (ఆవజాతి గింజల) నూనె తాగి 9.74 క్యాండెలాలు ఇస్తుంది. నూనె ధరలు చూశాక దాని ఊసు ఎత్తకపోవడమే మంచిది. 1881లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియోల్ చెప్పిన కొలతకు కరిగిన ప్లాటినం గడ్డకట్టే క్షణంలో ఒక చదరపు సెంటీమీటరు ఇచ్చే వెలుగు ఆధారం. అది సుమారు 20 క్యాండెలాలు. వేడి 1768 డిగ్రీలు. ప్లాటినంలో రవ్వంత మలినం కలిసినా లెక్క చెడుతుంది. పైగా రాత్రి స్తంభం దగ్గర పెట్టిన ప్లాటినం పొద్దున అక్కడే ఉంటుందని ఏ ఇంజినీరు సంతకం పెడతాడు?

మిగిలింది 1884 నాటి హెఫ్నర్ దీపం. దాని మంట ఇచ్చే వెలుగే ఒక హెఫ్నర్. ఇది మనకు పరాయిది కాదు. పెళ్లి ఊరేగింపుల్లో గ్యాస్ నూనె పోసి, పంపు కొట్టి వెలిగించిన పెట్రోమాక్స్ హెచ్‌కే 500 పేరులోని హెచ్‌కే అంటే హెఫ్నర్ కొవ్వొత్తే. ఒక హెఫ్నర్ 0.903 క్యాండెలా, కాబట్టి ఆ లైటు కాగితం మీద 451 క్యాండెలాలు. మాంటిల్‌కు చిల్లు పడ్డాక ఎంతో పెళ్లివారినే అడగాలి.

హెఫ్నర్ దీపం తయారీ తేలికే. 8 మిల్లీమీటర్ల గొట్టంలో వత్తి, కింద అమైల్ ఎసిటేట్ అనే మండే ద్రవం. వెలిగిస్తే అరటిపండు వాసన వస్తుంది. పది నిమిషాలు కాలనిచ్చి, మంట కొసను సరిగ్గా 40 మిల్లీమీటర్ల దగ్గర నిలపాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే వెలుగు సుమారు మూడు శాతం మారుతుంది. కాబట్టి ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి. అయితే మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే మంట నీరసిస్తుంది. పదిమంది సభ్యుల కమిటీ అక్కడే కూర్చుని ఊపిరి పీల్చి వదిలితే చాలు, ప్రమాణమే తగ్గుతుంది. కమిటీలు పనిమీద ప్రభావం చూపవని ఇకపై ఎవరూ అనలేరు.

అసలు సుగుణం తేమలో ఉంది. ఘనపు మీటరు పొడి గాలికి నీటి ఆవిరి 8.8 లీటర్లు ఉంటేనే ఈ దీపం ఒక హెఫ్నర్ ఇస్తుంది. ఆవిరి ఎంతున్నా దాన్ని 0.0055తో గుణించి, వచ్చినదాన్ని 1.049 నుంచి తీసేస్తే అప్పటి వెలుగు తెలుస్తుంది. శ్రావణంలో మన గాలిలో ఆవిరి 30 లీటర్లు సులువుగా ఉంటుంది. లెక్క కడితే 0.884. అంటే కొలబద్దే 12 శాతం కుంగింది!

ఇప్పుడు 900 ల్యూమెన్ల (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు) ఎల్‌ఈడీ బల్బు తీసుకోండి. వెలుగు అన్ని దిక్కులా సమానంగా పడుతుందనుకుని, చుట్టూ ఉన్న మొత్తం స్టెరేడియన్లు 12.57తో భాగిస్తే 71.6 క్యాండెలాలు. 0.903తో భాగిస్తే 79 హెఫ్నర్లు. ఇదే బల్బును శ్రావణంలో, తేమ సవరణ వేయడం 'మరిచిపోయి', దీపం పక్కన పెట్టి కొలిస్తే 90. పైసా ఖర్చు లేదు, తీగ మార్చలేదు, ముసురు పట్టిన రాత్రి వెలుగు పదకొండు హెఫ్నర్లు పెరిగింది. ఏ పథకం ఇంత ఫలితం ఇచ్చింది?

మార్పిడి చేసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎప్పుడూ నేరుగా క్యాండెలాలోకే రావాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. 1909 నాటి ఇంటర్నేషనల్ క్యాండిల్ అనే మరో పాత కొలత మీదుగా వెళ్తే, హెఫ్నర్‌కు 0.9 క్యాండిల్, క్యాండిల్‌కు 1.019 క్యాండెలా, మొత్తం 0.917 వస్తుంది. నేరుగా వెళ్తే 0.903. ఒకటిన్నర శాతం దారిలోనే పుట్టింది. పోల్చే దీపాల రంగు వేరైతే నిష్పత్తే జరుగుతుంది, పైగా ఎర్రటి హెఫ్నర్ మంటను తెల్లటి ఎల్‌ఈడీతో కంటికి సరిపోల్చడం కష్టం. బిల్లులు రాసేవారు ఏ దారిలో వెళ్లాలో మేం చెప్పనక్కర్లేదు.

లక్ష క్యాండిల్ పవర్ టార్చిలైట్లు కొనమనేవారి మాట మాత్రం వినవద్దు. 400 ల్యూమెన్లను నాలుగు డిగ్రీల కోణంలోకి పిండినా లక్ష దాటుతుంది. తాటిచెట్టు కొసన కాకి కనబడుతుంది, కాలి ముందున్న మ్యాన్‌హోల్ కనబడదు.

టెండరు షరతుల్లో ఈ మూడు చేర్చాలి: దీపాల అప్పగింత కొలత శ్రావణంలోనే జరగాలి, తలుపులు వేసి, కమిటీ పూర్తి కోరంతో. ఏడాది తర్వాత మన్నిక తనిఖీ కూడా శ్రావణంలోనే. గాలి పొడిబారే రోజుల్లో కొలవమని ఎవరైనా ఫిర్యాదిస్తే, దరఖాస్తుదారుడు అమైల్ ఎసిటేట్ తానే తెచ్చుకోవాలి.