దవడ కింద బిళ్ళ కడితే తప్పంతా పంటిదేనా?

ప్రొద్దుటూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "పన్ను పీకించుకున్న నాలుగో దినం దవడ కింద బిళ్ళ లేసింది నాయనా. ఆ డాక్టరు ఏ నరం తెంపినాడో ఏమో" అని ఒకటే ఏడుపు. ఆదివారం పోయి చూశాను. నా వేలు పట్టుకుని దవడ ఎముక కింద పెట్టింది. రేగ్గింజంత బిళ్ళ. నొక్కితే నొప్పి, వేలి కింద అటూఇటూ జారుతోంది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేసిందేమో, పైన తోలంతా ఎర్రగా కమిలిపోయింది.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మనకందరికీ తెలుసు. నోటి సంగతీ అంతే. కింది ముందు పళ్ల దగ్గర ఇన్ఫెక్షన్ వస్తే గడ్డం కింద, మిగతా చాలా పళ్లకు దవడ కింద ఉండే లింఫు గ్రంథులు ఉబ్బుతాయి. క్రిములు ఒంట్లోకి పాకకుండా అడ్డుకోవడమే వాటి పని. పన్ను పీకినా, రూట్ కెనాల్ చేసినా కొన్నాళ్లు అలా ఉండొచ్చు. చాలాసార్లు ఆ ఇన్ఫెక్షన్ డాక్టరు దగ్గరికి పోకముందు నుంచే ఉంటుంది. మనం తడిమి చూసుకునేది మాత్రం పన్ను పీకించుకున్నాకే.

నాకు అంతకన్నా భయం కలిగించేది ఇంకొకటి ఉంది. "ఆ, పంటిదేలే" అని నెలల తరబడి వదిలేయడం. మన దేశంలో మెడ బిళ్ళలకు ముఖ్యమైన కారణాల్లో క్షయ ఒకటి. పెద్దవాళ్లు గండమాల అన్నది చాలావరకు ఇదే. దగ్గు ఉండకపోవచ్చు, నొప్పీ పెద్దగా ఉండదు, కాబట్టి టీబీ అని ఎవరికీ తోచదు. పైగా పంటినొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో కొన్నింటిలో ఒఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. అది క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. బిళ్ళ తగ్గినట్టే తగ్గుతుంది, అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. గుట్కా, జర్దా నమిలేవాళ్లలో నోటి క్యాన్సర్ కూడా మెడలో గట్టి బిళ్ళగా తేలొచ్చు.

అందుకే పంటి మీద నెపం పెట్టేటప్పుడు దానికొక గడువు ఉండాలంటాను. రెండు వారాలు, మహా అయితే మూడు. రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్నా, మెడ మొదట్లో కాలర్ బోన్ పైన గుంటలో కనిపించినా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నా ఆ గడువు కోసం కూడా ఆగకూడదు. సన్నటి సూదితో బిళ్ళలోంచి కొద్దిగా తీసి చేసే ఎఫ్ఎన్ఏసీ పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. ఇక గడ్డం కింద, నాలుక కింద గట్టిగా వాచి, మింగడానికి, ఊపిరికి కష్టమైతే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

కడపలో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాస్పత్రి ఉంది, ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో క్షయ పరీక్షలు, మందులు ఉచితం. పన్ను పీకి పంపేటప్పుడు చీటీ మీద "బిళ్ళ తగ్గకపోతే ఫలానా తేదీన రండి" అని ఒక్క ముక్క రాసిస్తే ఎంతో మందికి మేలు. మా పెద్దమ్మకు ఆ తేదీని నేనే గోడ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి వచ్చాను.

పదహారో రోజుకూ బిళ్ళ తగ్గలేదు. మళ్లీ పోతే ఎక్స్‌రే తీశారు. పీకిన పన్ను పక్కదాని వేరు కొసన నల్లటి మచ్చ. నరం చచ్చిపోయినందువల్ల నొప్పి తెలియలేదు, లోపల చీము మాత్రం ఉండిపోయింది. దానికి రూట్ కెనాల్ చేసిన పది రోజులకు ఫోన్ వచ్చింది. "తడిమితే దొరకడంల్యా నాయనా" అంది.