బజ్జీ నా ఇష్టం, కానీ ప్యాకెట్ సంగతి?

తిండి విషయంలో ప్రభుత్వ జోక్యం వద్దంటూ వచ్చిన ఓ వ్యాసంలో "ఏం తినాలో సర్కారు చెప్పాలా?" అని అడిగారు. సగం ఒప్పుకుంటాను. 2025 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆఫీసుల్లో ఏ తిండిలో నూనె, చక్కెర ఎంతుందో చెప్పే బోర్డులు పెట్టమంటే, సమోసా, జిలేబీలకు సిగరెట్ మాదిరి హెచ్చరిక అంటూ ఒకటే గోల. చివరికి బండి మీద అమ్మేవాటికి అలాంటి లేబుళ్లేమీ లేవని శాఖే చెప్పుకోవాల్సి వచ్చింది. బోర్డు చదివాక కూడా నేను మిర్చి బజ్జీ తింటాను, అది వేరే విషయం.

మరి ట్రాన్స్ ఫ్యాట్, అంటే నూనెను గట్టిపరిచినప్పుడు పుట్టే, గుండెకు చేటుచేసే కొవ్వు మాటేమిటి? నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఒకప్పుడు వనస్పతిలో 10 శాతం దాకా ఒప్పుకునేవారు. బేకరీలో కర్రీ పఫ్ కొరికితే అందులో అదెంత ఉందో నాలుకకు తెలుస్తుందా? తెలియనిదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఏం స్వేచ్ఛండీ!

పన్నులంటే మాత్రం నాకూ నమ్మకం తక్కువే. డెన్మార్క్ 2011 అక్టోబరులో వెన్న, మాంసం లాంటివాటి కొవ్వు మీద పన్ను వేస్తే, జనం సరిహద్దు దాటి జర్మనీలో కొనుక్కొచ్చుకున్నారు. 2013 జనవరికల్లా ఎత్తేశారు.

చిలీ పద్ధతి నయం. 2016 నుంచి అక్కడ ప్యాకెట్ ముందువైపే నల్లటి గుర్తులో "చక్కెర ఎక్కువ", "ఉప్పు ఎక్కువ" అని రాస్తున్నారు. కొనేదీ మానేదీ మన ఇష్టం. ఇక్కడేమో వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలు, అవీ ఇంగ్లీషులో. మా నాన్నకు షుగర్. బిస్కెట్ ప్యాకెట్ నా చేతికిచ్చి "ఇందులో చక్కెర ఎంతరా?" అంటారు. నేను ఫోటో తీసి, పెద్దది చేసి చదివి చెబుతుంటాను.