సింహద్వారం ఖరారైంది

మా ఆసుపత్రి హోర్డింగు మీరు చూసే ఉంటారు. చూడకుండా తప్పించుకునే వీలు మేమెవరికీ ఇవ్వలేదు. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఒకటి, దిగేచోట ఒకటి, మధ్యలో ట్రాఫిక్ ఆగితే కాలక్షేపానికి ఇంకొకటి. చేతులు కట్టుకుని నిలబడ్డ ముగ్గురు డాక్టర్లు, వాళ్ళ వెనక పళ్ళికిలిస్తున్న ఎర్రటి గుండె బొమ్మ (గుండెకు పళ్ళేమిటని అడక్కండి, అది డిజైనర్ గారి దర్శనం), కింద పెద్దక్షరాల్లో: "గుండెపోటా? 90 నిమిషాల్లోపే చికిత్స. నూటికి నూరు శాతం!"

చూసినవాళ్ళు అదంతా డాక్టర్ల గొప్పతనం అనుకుంటారు. డాక్టర్లు చేతనైనంత చేస్తారు, కాదనను. కానీ డాక్టర్ల వల్ల నూటికి నూరు ఎక్కడా రాదు. నూటికి నూరు రావాలంటే క్వాలిటీ విభాగం ఉండాలి. మూడో అంతస్తులో, క్యాంటీన్ పొగగొట్టం పక్క గదిలో కూర్చుని గుండె విభాగం ఫలితాలను లెక్కగట్టే ఆ విభాగంలోనే నా కొలువు. హోర్డింగు మీద మా ఫొటోలు వేయకపోవడం యాజమాన్యం వినయం.

ముందు లెక్కేమిటో చెప్పాలి. గుండెకు రక్తం అందించే నాళం పూర్తిగా మూసుకుపోతే ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేస్తుంది. మా వాళ్ళు స్టెమీ అంటారు. ఆ క్షణం నుంచి ఆ నాళాన్ని నమ్ముకున్న కండరం నిమిషనిమిషానికీ చస్తూ ఉంటుంది, చచ్చింది తిరిగి రాదు. అందుకని రోగి ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచి, నాళంలోకి సన్నటి గొట్టం పంపి చికిత్స చేసే గదిలో, అంటే క్యాథ్ ల్యాబ్‌లో ఆ నాళం తెరుచుకునేదాకా 90 నిమిషాలు దాటకూడదని చాలాచోట్ల ఒప్పుకున్న మార్గదర్శకం. పేరు డోర్ టు బెలూన్ టైం: తలుపు నుంచి, నాళాన్ని తెరిచే బుల్లి బెలూన్ దాకా పట్టే సమయం. బెలూన్ దగ్గర పెద్దగా తకరారు లేదు. తకరారంతా డోర్ దగ్గరే.

ఒక నెల మా సగటు 90 దాటింది. మార్కెటింగ్ అధిపతి గారికి ఆ రోజు అన్నం సయించలేదు. హోర్డింగులకు ఏడాది అద్దె ముందే కట్టేశారు మరి. అంకె మార్చాలా, అక్షరాలు మార్చాలా అన్న ధర్మసంకటంలో అత్యవసర సమావేశం పెట్టారు. ఎజెండాలో అంశం ఒకటే: మన ఆసుపత్రికి తలుపు ఏది?

క్యాజువాల్టీలో కొత్తగా చేరిన కుర్ర డాక్టర్ ముందుగా లేచి, "క్యాజువాల్టీ తలుపే సార్, పేషెంట్లు వచ్చేది అక్కణ్ణుంచే కదా" అన్నాడు. అందరూ అతనికేసి జాలిగా చూశారు. అనుభవం లేదు పాపం.

కార్డియాలజీ పెద్ద డాక్టర్ గారు తనకు తెలిసిన తలుపు ఒకటేనన్నారు: క్యాథ్ ల్యాబ్ తలుపు. "ఆ తలుపు దాటించండి, తర్వాత ఒక్క నిమిషం వృథా అయితే నన్నడగండి. బయట మీరేం చేస్తున్నారో నాకు తెలీదు." ఇందులో అబద్ధం లేదు. తెలియకుండా ఉండటానికి ఆయన చాలా ఏళ్ళుగా కష్టపడుతున్నారు.

నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం ఈసీజీ తీసిన టైం నుంచి లెక్కపెట్టాలన్నారు. ఈసీజీ తీసేదాకా అది గుండెపోటో గ్యాసో మనకు తెలీదు. తెలియని రోగానికి గడియారం ఎట్లా తిరుగుతుంది? వేదాంతంలో కూడా జవాబు దొరకని ప్రశ్న. రోగి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వేరే నిబంధన. దాని తలుపు సంగతి వచ్చే సమావేశంలో తేల్చుకుందాం అనుకున్నారు.

అయితే మెయిన్ గేటు పెట్టుకుందామా అని ఎవరో అన్నారు. లీగల్ అడ్వైజర్ గారు కుర్చీలోంచి సగం లేచారు. మన గేటు మున్సిపాలిటీ రోడ్డు మీదికి నాలుగడుగులు జరిగి ఉంది, అది మన తలుపని మనమే రికార్డుల్లో రాసుకుంటే రేపు ఆ కాగితం పట్టుకుని బుల్డోజర్ వస్తుంది అన్నారు. గేటు పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు ఎండీ గారు సిద్ధాంతి గారివైపు తిరిగారు. అవును, క్వాలిటీ కమిటీలో వాస్తు సిద్ధాంతి గారు శాశ్వత ఆహ్వానితులు. ఆయన కళ్ళు మూసుకుని చెప్పారు. క్యాజువాల్టీ దక్షిణ నైరుతిలో ఉంది. దక్షిణం యముడి దిక్కు. ఆ పక్కనున్న కంతను శాస్త్రం ద్వారంగా గుర్తించదు, అందులోంచి వచ్చినవాడు ఇంకా లోపలికి వచ్చినట్టు కాదు. ఉత్తరం కుబేర స్థానం. ఆ వైపు ఏది ఉంటే అదే సింహద్వారం.

ఉత్తరాన ఏముందని ఫ్లోర్ మేనేజర్ని అడిగారు. బిల్లింగ్ కౌంటర్ అన్నాడు.

గదిలో ఒక వెలుగు ప్రసరించింది. ఐటీ అబ్బాయి ఆ వెలుగులో లేచి, "సాఫ్ట్‌వేర్లో కూడా అంతే సార్, అడ్వాన్స్ రసీదు కొట్టాకే పేషెంట్ నంబర్ పుడుతుంది, అంతకుముందు టైమేదీ సిస్టమ్‌లో ఉండదు" అన్నాడు. శాస్త్రం, సాఫ్ట్‌వేర్ ఒకే మాట మీద నిలబడటం మా ఆసుపత్రి చరిత్రలో అదే మొదటిసారి.

అంతా అయిపోయింది అనుకుంటుండగా గోడ దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. గేట్లెన్నో చెప్పడానికి పిలిచిన మనిషి. "సార్, పార్కింగ్ చీటీ మీద టైం పడ్తది కద సార్. బండి లోపలికొచ్చినప్పుడే. సెకండ్లతో సహా ఉంటది."

ఎవరూ మాట్లాడలేదు. ఎండీ గారు అతన్ని ఆప్యాయంగా చూసి, సమోసాలు వచ్చాయేమో కనుక్కోమన్నారు.

తీర్మానం ఏకగ్రీవం. అడ్వాన్స్ కట్టిన రసీదు మీది సమయమే మా ఆసుపత్రి తలుపు. అది పడేదాకా రోగి స్ట్రెచర్ మీద ఉన్నా, చెమటలు పట్టి ఛాతీ పట్టుకుని ఉన్నా, నిజానికి ఆయనింకా దారిలోనే ఉన్నాడు. ఆ మరుసటి నెల నుంచి మాకు నూటికి నూరు.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం వచ్చింది. ఒక రాత్రి డ్యూటీలో ఉన్న కార్డియాలజిస్టు ఒకాయన ఎవరినీ అడక్కుండా రోగిని నేరుగా క్యాథ్ ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి స్టెంట్ వేసేశారు. డబ్బు కట్టింది ఆ తర్వాత. కొత్త లెక్క ప్రకారం ఆ రోగి డోర్ టు బెలూన్ మైనస్‌లోకి పోయింది. అంటే మనిషి ఆసుపత్రికి రాకముందే ఆయన గుండెలో బెలూన్ విచ్చుకుంది. ప్రపంచ రికార్డు. దీన్ని హోర్డింగు మీద వేసుకోవాల్సింది పోయి, డేటా తప్పు అని ఆ కేసును పట్టికలోంచి తీసేయించారు. డాక్టర్ గారికి ప్రోటోకాల్ ఉల్లంఘన కింద మెమో వెళ్ళింది. మా జాబితా మొత్తంలో సరైన వైద్యం సరైన సమయానికి అందిన ఆ ఒక్క రోగీ ఇప్పుడు జాబితాలో లేడు.

ఈ విద్యను మేమే కనిపెట్టామని గర్వపడటం లేదు. న్యూయార్క్ రాష్ట్రం 1989 నుంచి బైపాస్ సర్జరీల మరణాల లెక్కలు సేకరించింది. ఒక పత్రిక కోర్టుకెక్కితే 1991లో సర్జన్ల వారీ అంకెలు కూడా బయటికొచ్చాయి. రోగి ఎంత జబ్బుమనిషైతే అంత సడలింపు ఇచ్చే పద్ధతి అది, న్యాయమైన పద్ధతే. కానీ ఆ తర్వాత చూస్తే న్యూయార్క్ రోగుల రికార్డుల్లో ఊపిరితిత్తుల జబ్బులు, కిడ్నీ జబ్బులు వెల్లువెత్తాయి. గాలి మారలేదు, నీళ్ళు మారలేదు, కేస్ షీట్లు మారాయి. మన వాళ్ళు అమెరికా నుంచి నేర్చుకోరన్నది ఎవరో గిట్టనివాళ్ళ మాట.

నేర్చుకోకూడని ఉదాహరణా ఒకటుంది. కేరళలో 63 ఆసుపత్రులు గుండెపోటు వైద్యంలో చెక్‌లిస్టులు, క్వాలిటీ పరికరాలు పెట్టి పరీక్షించాయి. 2018లో ఫలితం ప్రచురించారు. గణాంకశాస్త్రం అడిగే సర్దుబాట్లన్నీ చేశాక రోగుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని వాళ్ళే రాసుకున్నారు! మా మార్కెటింగ్ వాళ్ళకు చూపిస్తే పడీపడీ నవ్వారు. పనిచేయలేదని తెలిసి కూడా ప్రచురించారా, పైగా ఇన్ని ఆసుపత్రుల పేరు మీద?

మరణాల శాతం సంగతి అంతకన్నా సులువు. ఇక లాభం లేదనుకున్న రోగి విషయంలో అటెండర్లను కూర్చోబెట్టి, రోజుకు ఎంతవుతుందో వివరంగా చెబుతారు. వాళ్ళు తలవంచుకుని, డాక్టర్ సలహాకు విరుద్ధంగా మా ఇష్టం మీద తీసుకెళ్తున్నామని సంతకం పెడతారు. లామా కేసు. మా గేటు దాటేటప్పుడు ఆయన బతికే ఉన్నాడు, అంబులెన్స్‌లో చేత్తో ఊపిరందించే అంబు బ్యాగ్ నొక్కుతూనే ఉన్నారు. తర్వాత జరిగింది ఆయన ఊరి లెక్కలోకి పోతుంది. గేటు మాది కాదని మాకు ఎంత కలిసొచ్చిందో చూడండి.

ఇక నా ఎక్సెల్ షీటులో ఒక గడి ఉంది. రసీదు పడ్డాక కూడా 90 దాటిన ప్రతి కేసుకీ కారణం ఎంచుకోవాలి. నొక్కితే ఒక జాబితా కిందికి జారుతుంది. ఆసుపత్రి చేతిలో లేని ఆలస్యాలను లెక్కలోంచి మినహాయించడం అంతర్జాతీయంగా ఉన్నదే: దారిలో గుండె ఆగిపోయి ముందు అది మళ్ళీ కొట్టుకునేలా చేయాల్సి రావడం, నాళంలోకి తీగ పోకపోవడం, ఇట్లాంటివి. మా జాబితాలో అందరికన్నా పైన ఉన్నది వేరు: "కుటుంబం నిర్ణయంలో జాప్యం."

ఏమిటా నిర్ణయం? నాన్న బతకాలా వద్దా అని నల్గొండ జిల్లా నుంచి తండ్రిని కారులో వేసుకొచ్చిన కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాడా? అడ్వాన్స్ కట్టేశాడు, ప్యాకేజీలో మిగతా డబ్బు కోసం అతను ఫోన్లు చేస్తున్నాడు. బామ్మర్దికి, చిట్టీ ఆయనకు, వడ్లు కొన్న సేటుకు. "పైసలు వస్తున్నయన్నా, అర్ధగంటల వస్తయి, జర నాయినను లోపలికి తీస్కపోండ్రి అన్నా." అద్దం వెనక మనిషి రేటు కార్డు చూపిస్తాడు. మందు పూసిన స్టెంటుకు ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో 29,600 రూపాయల పరిమితి పెట్టింది. స్టెంటు ధర దిగింది, మా ప్యాకేజీ ఉన్నచోటే ఉంది. ఆసుపత్రులకు యూపీఐ చెల్లింపుల పరిమితిని లక్ష నుంచి 5 లక్షలకు పెంచుతున్నట్టు రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో చెప్పింది. ఈ దేశంలో గుండెపోటు వస్తే అన్నిటికన్నా ముందు తెరుచుకున్న నాళం అదే.

ప్రాణాపాయంలో ఉన్నవాడికి ముందు వైద్యం, తర్వాతే మిగతా లాంఛనాలు అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. అత్యవసరమైతే ఫోన్‌లో అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే ఏర్పాటు ఆరోగ్యశ్రీలో ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు తీస్తే బకాయిలు రాలేదు, సేవలు ఆపాం అంటారు. బకాయి పడింది ప్రభుత్వం, స్ట్రెచర్ మీద పడుకున్నది వేరేవాడు. కోర్టు చెప్పి ఇన్నేళ్ళయినా ఇంకా స్ట్రెచర్ కౌంటర్ పక్కనే ఆగుతోంది, ఆగిన ప్రతి నిమిషాన్నీ తెచ్చి ఆ కొడుకు ఖాతాలో రాయమంటున్నారు. జాప్యం నీదే, నిర్ణయం నీదే, చచ్చిన కండరం కూడా నీ తండ్రిదే.

2008లో లాన్సెట్ పత్రికలో మన దేశానిదే ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 89 ఆసుపత్రులు, 20 వేలకు పైగా రోగులు. నెల తిరక్కుండా చనిపోయినవాళ్ళు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం. వాళ్ళ బీపీలు, షుగర్లు, సిగరెట్లు అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. అందిన వైద్యాన్ని లెక్కలోకి తీసుకుంటే పోయింది. ఇంకోసారి చదవండి. పేదవాడి గుండె వేరు కాదు. వాడికి దొరికిన వైద్యమే వేరు. నా పట్టికలో దానికి పేరు "కుటుంబం నిర్ణయంలో జాప్యం", దానికి ఎదురుగా మినహాయింపు. వాణ్ణి తీసేస్తేనే మాకు నూరు వస్తుంది. సిగ్గుండాలి.

క్షమించాలి. క్వాలిటీ విభాగంలో పనిచేసేవాడు ఇట్లా నోరు పారేసుకోకూడదు. పద్ధతి ప్రకారం పోయాను. పట్టికలో ఒక్క గడి అదనంగా కావాలని రాతపూర్వకంగా అర్జీ పెట్టాను. "గేటు దగ్గరి నుంచి రసీదు దాకా పట్టిన నిమిషాలు." రోగి వచ్చిన సమయం కోసం పార్కింగ్ చీటీల వివరాలు ఇప్పించాలని కోరాను.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. మా ఆసుపత్రిలో అంత వేగంగా కదిలిన కాగితాన్ని నేను చూడలేదు. పార్కింగ్ బయటి ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చాం, ఆ సమాచారం వాళ్ళ ఆస్తి, పైగా సందర్శకుల గోప్యతకు సంబంధించిన విషయం, కాబట్టి ఇవ్వడం కుదరదు అని సారాంశం. కింద లీగల్ అడ్వైజర్ గారి సంతకం. అదే రోజు సాయంత్రం ఏజెన్సీ కుర్రాడు గేటు దగ్గర ఒక కారును ఆపాడు. చీటీ మీది టైం చూశాడు, మిషన్‌లో కొట్టాడు, 3 రోజుల 4 గంటల పైచిలుకును 3 రోజుల 5 గంటలకు రౌండు చేసి, ఆ లెక్కన పైసలు తీసుకున్నాకే గేటు ఎత్తాడు.