సవరణ: కాన్సస్ గోధుమకు తొలి విడత సాయం అందలేదు

అమెరికాలో కరోనా సాయం 2020 మే నెలలోనే కాన్సస్ గోధుమ రైతులందరికీ మొదలైందని మొన్న రాశాను. అది తప్పు, మన్నించండి. తొలి విడతలో గోధుమల్లో డ్యూరమ్‌కు (పాస్తాకు వాడే గట్టి రకం), వసంతంలో విత్తే ఎర్ర గోధుమకు మాత్రమే డబ్బిచ్చారు. కాన్సస్‌లో పండేది చాలావరకు శీతాకాలపు ఎర్ర గోధుమ. జనవరి-ఏప్రిల్ మధ్య దాని ధర కనీసం 5 శాతం పడలేదని పక్కన పెట్టేశారు. మొక్కజొన్న, పశువులు ఉన్నవాళ్లకు వాటి మీద వచ్చింది. ఉత్త గోధుమ రైతుకు ఏమీ రాలేదు. జూన్ కోతలకు ముందు డీజిల్ ఖర్చు వెతుక్కునే ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు. సెప్టెంబరులో మొదలైన రెండో విడతలో ఈ గోధుమనూ చేర్చారు. ఇంకొకటి: నేను చెప్పిన 2,50,000 డాలర్ల సాయం పరిమితి ఒక్కో పంటకు కాదు, ఒక మనిషికి ఒక్కో విడతలో అన్నీ కలిపి.